“ఒబామాకేర్ మనకెందుకు” అనేవాళ్లకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ ఎన్‌రోల్‌మెంట్ చేయించడం నా పని. లేఆఫ్‌లు మొదలైతే ఫోన్లు పెరుగుతాయి. “అక్కా, కోబ్రా (ఉద్యోగం పోయాక పాత ఆఫీసు ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే పద్ధతి) ప్రీమియం చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, ఇంకేదైనా దారి ఉందా?” ఇన్సూరెన్స్ ప్లాన్లు కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైటు, మార్కెట్‌ప్లేస్ ఉంది కదా అంటాను. వెంటనే, “అంటే ఒబామాకేరా? అది లేనివాళ్లకి కదా!”

అపోహ: ఒబామాకేర్ అంటే పేదలకిచ్చే ఉచిత సర్కారు ఇన్సూరెన్స్.

కాదు. మీరనుకునేది మెడికెయిడ్, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్స్. ఒబామాకేర్ అనేది 2010లో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం. మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవి ప్రైవేటు కంపెనీల ప్లాన్లే. ప్రభుత్వం రూల్సు పెడుతుంది, ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో కొంత భరిస్తుంది, అంతే. నన్నడిగితే దాని లోపమే అది. మధ్యలో కంపెనీల్ని తీసేసి 65 దాటినవాళ్లకి ప్రభుత్వమిచ్చే మెడికేర్‌ని అందరికీ ఇస్తే నాలాంటివాళ్ల అవసరమే ఉండదు. సంతోషంగా ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాను.

“మాది ఆఫీసు ఇన్సూరెన్స్, మాకు సంబంధం లేదు” అనేవాళ్లు ఇంకొంతమంది. మీ అబ్బాయి ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా మీ ప్లాన్‌లో ఉంటున్నది ఏ చట్టం వల్ల? చెకప్‌కి వెళ్తే కోపే (మన చేతినుంచి కట్టే వాటా) అడగకపోవడం, క్యాన్సర్ ట్రీట్‌మెంట్ మధ్యలో “మీ జీవితకాల పరిమితి అయిపోయింది” అని చేతులెత్తేయకపోవడం ఎక్కడినుంచి వచ్చాయి? అన్నీ 2010 నాటి ఆ చట్టంలోవే. దాన్ని కూలదోసే ప్రయత్నం 2017 జూలైలో సెనేట్‌లో 49–51తో ఆగింది. దాని బదులు ఏం తెస్తారని 2024 డిబేట్‌లో ట్రంప్‌ని అడిగితే, ప్లాన్‌కి సంబంధించిన ఆలోచనలున్నాయన్నాడు. ఆలోచనలతో ఆపరేషన్లు జరగవు.

ఈ అపోహ ఖరీదు చెప్తాను. నాకు తెలిసిన ఒకాయనకి ఉద్యోగం పోయింది. గ్రీన్‌కార్డు ఉంది, పొదుపు ఉంది. ఒబామాకేర్ నామోషీ అనుకుని, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన షార్ట్‌టర్మ్ ప్లాన్ (ఒబామాకేర్ రూల్సు వర్తించని తాత్కాలిక ఇన్సూరెన్స్) కొన్నాడు. ఆ తర్వాత వాళ్లావిడకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్. అంతకుముందెప్పుడో ఆ నొప్పికే స్కాన్ తీయించుకుంది కాబట్టి ప్రీ-ఎగ్జిస్టింగ్ అని క్లెయిమ్ కొట్టేశారు. ఆయన నా దగ్గరికొచ్చింది అప్పుడు. ఉద్యోగం ద్వారా ఉన్న కవరేజీ పోయాక మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి 60 రోజులే గడువు. అది దాటింది. షార్ట్‌టర్మ్ ప్లాన్ పోయిందని మళ్లీ గడువు ఇవ్వరు. ఏటా అందరికీ ఎన్‌రోల్‌మెంట్ తెరిచే నవంబర్ దాకా ఆగాల్సిందే. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ అయితే పాత జబ్బు సాకుతో ఆ క్లెయిమ్ కొట్టేసే వీలే లేదు, 2014 నుంచి అది నిషేధం. షార్ట్‌టర్మ్ ప్లాన్లను నాలుగు నెలలకి మించనివ్వకుండా బైడెన్ ప్రభుత్వం 2024లో కట్టడి చేసింది. ఆ రూల్ అమలుకి ప్రాధాన్యం ఇవ్వబోమని 2025లో కొత్త ప్రభుత్వం చెప్పేసింది. ఇలాంటివి విడమర్చి చెప్పే నావిగేటర్ల నిధుల్లో దాదాపు 90 శాతం కోత కూడా వాళ్ల పుణ్యమే.

నాకు అర్థం కానిది ఒకటుంది. మా మామయ్యకి గుంటూరులో ఆరోగ్యశ్రీ కింద గుండె ఆపరేషన్ అయింది. ఆ కార్డు గురించి ఇప్పటికీ కళ్లనీళ్లు పెట్టుకుని చెప్తాడు. ఫ్రిస్కోలో ఉన్న ఆయన కొడుకు మాత్రం పార్టీల్లో “ఫ్రీగా ఇస్తే జనం పాడైపోతారు” అంటాడు. వాళ్ల నాన్న ఏమాత్రం పాడైపోయాడో నేనింకా అడగలేదు.

మిగతావి, గబగబా.

“డాక్యుమెంట్లు లేనివాళ్లకి ఒబామాకేర్ ఫ్రీగా పంచుతున్నారు.” 2025 అక్టోబర్‌లో ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. వాళ్లు సబ్సిడీ కాదు కదా, మార్కెట్‌ప్లేస్‌లో సొంత డబ్బుతో కూడా ప్లాన్ కొనలేరు. ఫార్వర్డ్ చేసేముందు చూసుకోండి.

“సబ్సిడీ తీసుకుంటే గ్రీన్‌కార్డు రాదు.” మార్కెట్‌ప్లేస్ సబ్సిడీని 2019 నాటి కఠినమైన పబ్లిక్ చార్జ్ రూల్‌లో (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారనుకునేవాళ్లకి గ్రీన్‌కార్డు నిరాకరించే రూల్) కూడా లెక్కలోకి తీసుకోలేదు. దీనికోసం నిద్ర మానుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. టెన్షన్ వద్దమ్మా. కాకపోతే 2025 నవంబర్‌లో రూల్స్ మార్చే ప్రతిపాదన వచ్చింది కాబట్టి, ముఖ్యంగా మెడికెయిడ్ అయితే, లాయర్‌ని అడిగి ముందుకెళ్లండి.

“సబ్సిడీలు మొత్తం ఎత్తేశారు.” 2021లో పెంచిన భాగం 2025 డిసెంబర్‌తో ముగిసింది, పాత సబ్సిడీ ఉంది. 2026కి నలుగురున్న కుటుంబం ఆదాయం 1,28,600 డాలర్లు దాటితే పైసా రాదు. ఆదాయం తక్కువ చూపించి తీసుకుంటే, ఎక్కువ వచ్చినదంతా ట్యాక్సులో తిరిగి కట్టాలి, ఇదివరకున్న పరిమితి లేదు. 2025 జూలై చట్టం ప్రకారం 2027 జనవరి నుంచి హెచ్1బీ వాళ్లకి సబ్సిడీ ఉండదు. ప్లాన్ మాత్రం పూర్తి ధరకి కొనుక్కోవచ్చు.

“ఇన్సూరెన్స్ లేకపోతే ఎమర్జెన్సీలో చేర్చుకోరు.” చేర్చుకోవాలి. రీగన్ సంతకం చేసిన 1986 చట్టం అది. ప్రాణాపాయం తప్పించేదాకా చూస్తారు, బిల్లు మాత్రం ఇంటికొస్తుంది.

“వచ్చిన బిల్లు కట్టాల్సిందే.” లాభాపేక్ష లేని ఆస్పత్రులు ఆర్థికసాయం పాలసీ రాసిపెట్టుకోవాలని చెప్పింది కూడా ఒబామాకేరే. డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా అప్లై చేయొచ్చు. బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం పంపమనండి, ఐటమైజ్డ్ బిల్లు (దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు) కూడా అడగండి. అవి చేతికొచ్చేదాకా క్రెడిట్ కార్డు నంబరు ఇవ్వకండి.