సొంత ఏవీఆర్ ప్రోగ్రామర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏవీఆర్ (ఒక రకం మైక్రోకంట్రోలర్) చిప్‌లో కోడ్ ఎక్కించాలంటే ప్రోగ్రామర్ (కోడ్ ఎక్కించే పరికరం) కొనాల్సిందే.

ఆర్డునో ఊనో బోర్డు ఉంటే చాలు, అదే ప్రోగ్రామర్. ఆర్డునో సాఫ్ట్‌వేర్ ఎగ్జాంపుల్స్‌లో ఉండే ఆర్డునో ఐఎస్‌పీ స్కెచ్ (ప్రోగ్రామ్) ఊనోలోకి అప్‌లోడ్ చేసి, 11, 12, 13 పిన్నుల్ని చిప్‌లోని మోసి (డేటా లోపలికి), మిసో (డేటా బయటికి), ఎస్‌సీకే (క్లాక్) పిన్నులకు, 10వ పిన్నుని రీసెట్‌కి కలపండి, 5 వోల్టులూ గ్రౌండూ ఇవ్వండి, అంతే. ఊనో రీసెట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి, కానీ స్కెచ్ ఎక్కాకే. ముందే పెడితే అప్‌లోడ్ అవ్వదు. యూఎస్‌బీఏఎస్‌పీ (యూఎస్‌బీకి పెట్టే ప్రోగ్రామర్) బోర్డు సొంతంగా సోల్డర్ చేసుకునేవాళ్లకైనా, అందులోని అట్‌మెగా8లో మొదటిసారి ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి ఇంకో ప్రోగ్రామర్ కావాలి కదా, అక్కడా ఈ ఊనోనే దిక్కు.

అపోహ: సిగ్నేచర్ (చిప్ తన రకం చెప్పే కోడ్) అన్నీ సున్నాలొస్తే చిప్ పోయినట్టే.

చాలాసార్లు చిప్ శుభ్రంగానే ఉంటుంది. ముందు మోసి, మిసో వైర్లు తారుమారయ్యాయేమో, బ్రెడ్‌బోర్డులో గ్రౌండ్ వదులైందేమో చూడండి. అవి సరిగ్గా ఉంటే స్పీడు చూడండి. కొత్త అట్‌టైనీ85 ఫ్యాక్టరీ నుంచి 1 మెగాహెర్ట్జ్‌లో నడుస్తూ వస్తుంది, ఎస్‌సీకే దాంట్లో నాలుగో వంతుకన్నా తక్కువ ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా పంపేది 375 కిలోహెర్ట్జ్. అందుకే చిప్ నోరు విప్పదు. ఆ బోర్డు మీద స్లో ఎస్‌సీకే జంపర్ పెట్టండి, లేదా ఏవీఆర్‌డ్యూడ్ (కంప్యూటర్ నుంచి కోడ్ పంపే సాఫ్ట్‌వేర్)లో బిట్ క్లాక్ వేగం తగ్గించండి. సున్నాలు కాకుండా వేరే చిప్ సిగ్నేచర్ వస్తోందంటే అది ఇంకో కథ: అట్‌మెగా328కీ 328పీకీ సిగ్నేచర్లు వేరు, చిప్ మీద అచ్చు ఓసారి చదవండి.

అపోహ: ఫ్యూజ్ (క్లాక్, రీసెట్ లాంటివి ఎలా పనిచేయాలో చిప్‌లో రాసే సెట్టింగ్) తప్పుగా పెడితే చిప్ చెత్తబుట్టకే.

ఏ ఫ్యూజ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. బయటి క్రిస్టల్ నుంచి క్లాక్ తీసుకోమనే ఫ్యూజ్ పెట్టి బోర్డులో క్రిస్టల్ లేకపోతే చిప్ ఉలకదు పలకదు. 28 కాళ్ల డిప్ 328పీ అయితే 9, 10 కాళ్ల మధ్య 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఒక్కో కాలి నుంచి గ్రౌండ్‌కి 22 పికోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, లేచి కూర్చుంటుంది. రీసెట్ పిన్నునే ఆపేసే ఫ్యూజ్ పడితే మాత్రం ఈ నాలుగు వైర్లతో అయ్యే పని కాదు, రీసెట్ మీద 12 వోల్టులు ఇచ్చే హై వోల్టేజ్ ప్రోగ్రామింగ్ కావాలి. ఎనిమిది కాళ్ల టైనీకి అది కూడా ఊనో, ఒక ట్రాన్సిస్టర్, కొన్ని రెసిస్టర్లు, విడిగా 12 వోల్టుల సప్లైతో ఇంట్లోనే అవుతుంది. ఆ 12 వోల్టులు ఊనో పిన్నుకి తగిలితే ఊనో కూడా పోతుంది, అది చూసుకోండి.

అపోహ: బోర్డు మీదున్న చిప్‌ని పీకి ప్రోగ్రామ్ చేయాలి.

అక్కర్లేదు. కానీ అదే బోర్డు మీద 3.3 వోల్టుల సెన్సర్ ఏదైనా ఉంటే, ఊనో పంపే 5 వోల్టులు దానికీ వెళ్తాయి. ముందు దాన్ని తీసేయండి.