600 గంటలు నిండినా డిగ్రీ ఎందుకు ఆగుతుంది? కౌన్సెలింగ్ ఇంటర్న్‌షిప్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో కౌన్సెలింగ్ మాస్టర్స్ చదివేవాళ్ల నుంచి ఏటా ఏప్రిల్ వచ్చేసరికి ఇదే గోడు వినిపిస్తుంది. "నా 600 గంటలు ఎప్పుడో అయిపోయాయి, అయినా ప్రోగ్రామ్ వాళ్లు గ్రేడ్ ఇవ్వట్లేదు." గంటలు రాసుకునే లాగ్ తెరిచి చూస్తే మొత్తం గంటలు 640 ఉంటాయి, డైరెక్ట్ గంటలు (క్లయింట్‌తో నేరుగా పని చేసినవి) మాత్రం 190. అప్పటికి సెమిస్టర్‌లో మిగిలింది మూడు వారాలు. ఆ విద్యార్థి బద్ధకస్తుడేమీ కాదు, రోజూ సైట్‌కి, అంటే ఇంటర్న్‌షిప్ చేసే చోటికి, వెళ్లినవాడే. వాట్సాప్ గ్రూపులో సీనియర్ ఎవరో "గంటలు గంటలే, ఎలాగోలా నింపేయ్" అంటే నమ్మాడు, అంతే.

అపోహ: 600 గంటలు నింపితే సరిపోతుంది

అమెరికాలో కేక్రెప్ (CACREP, కౌన్సెలింగ్ ప్రోగ్రామ్‌లకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న మాస్టర్స్ ప్రోగ్రామ్‌లలో ముందు ప్రాక్టికమ్, అంటే తొలి విడత ప్రాక్టికల్ శిక్షణ, ఉంటుంది. అందులో 100 గంటలు చేయాలి, వాటిలో కనీసం 40 డైరెక్ట్. అది పాసయ్యాక ఇంటర్న్‌షిప్‌లో 600 గంటలు, వాటిలో కనీసం 240 డైరెక్ట్. ప్రాక్టికమ్‌లో ఎక్కువ చేసిన గంటలు ఇంటర్న్‌షిప్ ఖాతాలోకి రావు.

డైరెక్ట్ అంటే మీ ఎదురుగా నిజమైన క్లయింట్ ఉండి, మీరు వాళ్లతో పని చేసిన సమయం. వ్యక్తిగత సెషన్, జంటలతో, కుటుంబంతో సెషన్, గ్రూప్ నడపడం, ఇన్‌టేక్ అసెస్‌మెంట్ (కొత్త క్లయింట్ సమస్యను మొదట అంచనా వేయడం), సైకోఎడ్యుకేషన్ (సమస్య గురించి క్లయింట్‌కి అవగాహన కల్పించడం), క్లయింట్ కోసం తల్లిదండ్రులతోనో టీచర్‌తోనో చేసే కన్సల్టేషన్ ఇందులోకి వస్తాయి. సీనియర్ కౌన్సెలర్ సెషన్‌లో మూల కూర్చుని చూడటం రాదు. నోట్స్ రాయడం, ఫోన్‌లో అపాయింట్‌మెంట్లు ఖాయం చేయడం, క్లాస్‌మేట్‌తో రోల్‌ప్లే, సూపర్‌విజన్ (మీ పనిని సీనియర్‌తో కలిసి సమీక్షించుకోవడం) ఇవేవీ రావు. 600లో ఇవి ఇన్‌డైరెక్ట్ పద్దు కిందకే పోతాయి.

ఇక లెక్క చూద్దాం. రెండు సెమిస్టర్లు కలిపి 30 వారాలు, వారానికి 20 గంటలు. 240ని 30తో భాగిస్తే వారానికి 8. ఇంతేగా అనిపిస్తుంది. కానీ మొదటి నాలుగు వారాలు బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఓరియెంటేషన్, రికార్డుల సాఫ్ట్‌వేర్ శిక్షణలోనే పోతాయి, చేతిలో క్లయింట్ ఉండరు. థాంక్స్‌గివింగ్‌కి, స్ప్రింగ్ బ్రేక్‌కి ఇంకో రెండు వారాలు తీసేయండి. మిగిలింది 24 వారాలు, అంటే వారానికి 10 గంటలు. సెషన్ 50 నిమిషాలైతే 10 గంటలకు 12 సెషన్లు కావాలి. నలుగురిలో ఒకరు నో-షో (అపాయింట్‌మెంట్ పెట్టుకుని రాకపోవడం) అనుకుంటే, ఆ 12 జరగడానికి 16 అపాయింట్‌మెంట్లు పెట్టుకోవాలి. "వారానికి 8" కాస్తా 16 అయింది. (50 నిమిషాల సెషన్‌ను మీ ప్రోగ్రామ్ పూర్తి గంటగా రాయనిస్తుందో లేదో మొదటి వారమే అడగండి. కేక్రెప్ భాషలో ఇవి గడియారపు గంటలు.)

అందుకే సైట్ ఇంటర్వ్యూలో "ఇక్కడ వాతావరణం ఎలా ఉంటుంది" లాంటి ప్రశ్నలతో ఆగిపోవద్దు. ఇంటర్న్‌కి ఐదో వారానికల్లా ఎంతమంది క్లయింట్లను ఇస్తారు? ఇంటర్న్ కూర్చోవడానికి గది వారానికి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుంది? కొత్త క్లయింట్లను ఎవరు పంచుతారు? గది ఇవ్వలేని సైట్ గంటలూ ఇవ్వలేదు.

గ్రూప్ దొరికితే వదులుకోకండి. ప్రాక్టికమ్‌లోనో ఇంటర్న్‌షిప్‌లోనో ఒక గ్రూప్‌ను నడపడం, లేదా మరొకరితో కలిసి నడపడం ఎలాగూ తప్పనిసరే. పైగా అందులో ఇద్దరు రాకపోయినా సెషన్ ఆగదు. గంటన్నర గ్రూప్ 24 వారాలు నడిస్తే 36 డైరెక్ట్ గంటలు. అయితే గ్రూప్‌లో ఎనిమిది మంది ఉన్నారని ఎనిమిదితో హెచ్చవేసి లాగ్‌లో 12 గంటలు రాసేవాళ్లున్నారు! గంటన్నర అంటే గంటన్నరే.

నాలుగు వారాలకోసారి డైరెక్ట్ మొత్తం విడిగా కూడి చూసుకోండి. ఎనిమిదో వారానికి 30 కూడా దాటకపోతే ఆ రోజే సైట్ సూపర్‌వైజర్‌కీ ఫ్యాకల్టీకీ మెయిల్ పెట్టండి. అప్పుడైతే రెండో సైట్ వెతకొచ్చు. ఏప్రిల్‌లో చెబితే ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఇన్‌కంప్లీట్ గ్రేడ్, వెనక్కిపోయిన గ్రాడ్యుయేషన్, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లకైతే ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే, విద్యార్థి హోదాకు ఆధారమైన పత్రం) పొడిగింపు తిప్పలు కూడా. ఇప్పటికే ఈ ఊబిలో ఉన్నవాళ్లు సిగ్గుపడి దాచకండి. చాలామందికి జరుగుతుంది, మీ చదువులో లోపం కాదు.

అపోహ: సూపర్‌విజన్ అంటే పరీక్ష, బాగా వచ్చిన సెషన్ టేపే (రికార్డింగే) చూపించాలి

సైట్‌లో వారానికి సగటున గంట సూపర్‌విజన్ ఉంటుంది, విడిగా గానీ ఇద్దరు విద్యార్థులకు కలిపి గానీ. యూనివర్సిటీలో వారానికి సగటున గంటన్నర గ్రూప్ సూపర్‌విజన్ దీనికి అదనం. అక్కడికి సాఫీగా సాగిన టేపు తెస్తే ఆ గంట వృథా. సెషన్ ఎక్కడ బిగుసుకుపోయిందో అక్కడి పది నిమిషాలు ఎంచి, నిమిషం, సెకను గుర్తు పెట్టుకుని, ఒక్క ప్రశ్న రాసుకుని వెళ్లండి. "22వ నిమిషంలో ఆమె మౌనంగా ఉంటే నేను వెంటనే సలహా ఇచ్చేశాను, ఎందుకు ఆగలేకపోయాను?" ఇలాంటి ప్రశ్న ఉంటే సూపర్‌వైజర్ పని చేయగలరు.

రికార్డింగ్ సొంత ఫోన్‌లో వద్దు. ప్రోగ్రామ్ చెప్పిన ఎన్‌క్రిప్ట్ చేసిన పరికరంలోనే, క్లయింట్ రాతపూర్వక అనుమతితోనే చేయాలి. మైనర్ అయితే తల్లిదండ్రుల సంతకం కావాలి. మీరు శిక్షణలో ఉన్నారనీ, మీ పనిని ఫలానావారు పర్యవేక్షిస్తున్నారనీ క్లయింట్‌కి మొదటి సెషన్‌లోనే చెప్పాలి. "చెబితే వెళ్లిపోతారేమో" అనే భయం సహజమే, కానీ దాచడం ఏసీఏ (అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్) నీతి నియమావళికి విరుద్ధం.

అపోహ: క్లయింట్ చెప్పింది సూపర్‌వైజర్‌కి చెబితే గోప్యత పోతుంది

పోదు. సూపర్‌విజన్ ఉందని క్లయింట్ సంతకం చేసిన కాగితంలోనే ఉంటుంది. ప్రమాదం ఎదురైనప్పుడు చెప్పకపోవడమే తప్పు. క్లయింట్ చనిపోవాలని ఉందన్నప్పుడు సూటిగా అడగండి: ఆలోచన మాత్రమేనా, పథకం ఉందా, సాధనం అందుబాటులో ఉందా? క్లయింట్ గదిలో ఉండగానే సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయండి. ఆయన మాట వినేదాకా పంపించవద్దు. సేఫ్టీ ప్లాన్ ఇద్దరూ కలిసి రాయండి, అందులో 988 (అమెరికాలో ఆత్మహత్య ఆలోచనల వంటి సంక్షోభాలకు హెల్ప్‌లైన్) నంబర్ ఉండాలి. నోట్ ఆ రోజే రాసేయాలి. సూపర్‌వైజర్ సెలవులో ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో చేరిన రోజే పేరు, నంబర్ రాయించుకోండి. అలాంటి మనిషే లేని రోజు క్లయింట్లను పెట్టుకోవద్దు.

మిగతావి త్వరగా

"జీతం లేదు కాబట్టి సీపీటీ అక్కర్లేదు." సీపీటీ అంటే చదువులో భాగంగా పని చేయడానికి ఎఫ్-1 విద్యార్థికిచ్చే అనుమతి. ఆ మాట సైట్ వాళ్లు చెబితే నమ్మొద్దు, డీఎస్‌ఓని (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని) అడగండి. సీపీటీ ఐ-20 మీద పడిన తేదీకి ముందు సైట్‌లో పని మొదలుపెట్టొద్దు. సైట్ మారితే మళ్లీ కొత్తగా తీసుకోవాలి. 600 గంటలూ ఒకే సెమిస్టర్‌లో చేస్తే వారానికి 40 గంటలు, అంటే ఫుల్‌టైమ్. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయి డిగ్రీకి వచ్చే ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) పోతుంది.

"ఈ గంటలు లైసెన్స్‌కి కలుస్తాయి." లైసెన్స్ గంటల అసలు లెక్క డిగ్రీ తర్వాతే. టెక్సస్‌లో ఎల్‌పీసీ అసోసియేట్‌గా (పూర్తి లైసెన్స్‌కి ముందు పర్యవేక్షణలో పని చేసే కౌన్సెలర్‌గా) 3,000 గంటలు చేయాలి, అందులో 1,500 డైరెక్ట్. రాష్ట్రం మారితే అంకె మారుతుంది.

"బీమా సైట్ చూసుకుంటుంది." చూసుకున్నా సరే, మీ పేరు మీద స్టూడెంట్ లయబిలిటీ పాలసీ (మీ పని మీద కేసు పడితే ఆదుకునే బీమా) ప్రాక్టికమ్‌కి ముందే ఉండాలి.

"లాగ్ సంతకాలు చివర్లో ఒకేసారి పెట్టించుకోవచ్చు." సూపర్‌వైజర్ ఫిబ్రవరిలో ఉద్యోగం మారితే ఆగస్టు నాటి గంటలకు ఎవరు సంతకం పెడతారు? వారం వారం పెట్టించి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. దాంట్లో క్లయింట్ పేర్లు ఉండకూడదు.