పదిహేనేళ్ల పిల్లల కోసం ఒక రేసు కారు

తిరుమల నుంచి దిగే బస్సులో ఈసారి ఒక విషయం గమనించండి. మలుపు వచ్చినప్పుడల్లా బస్సు బయటివైపుకి ఒరుగుతుంది, మనం పక్కవాళ్ల మీదికి ఒరుగుతాం. బయటి టైర్ల మీద బరువు పడుతుంది, లోపలి టైర్లు తేలికవుతాయి. ఫార్ములా ఫోర్ అంటే పిల్లలు రేసింగ్ నేర్చుకునే తొలి మెట్టు కార్ల తరగతి. ఆ కారు డిజైన్ అర్థం కావాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అలా చక్రాల మధ్య చేతులు మారే బరువు గరిమనాభి, అంటే కారు బరువంతా ఒక్కచోటే ఉందనుకోదగ్గ బిందువు, ఎత్తును బట్టి ఉంటుంది. ఎత్తు సగమైతే మారే బరువూ సగమే. చక్రాలు ఎడంగా ఉన్నా తగ్గుతుంది. మొత్తం బరువు అంతే కదా, ఎటు మారితే ఏం అనిపించవచ్చు. చిక్కంతా టైరుతోనే. దాని మీద బరువు రెట్టింపు చేస్తే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. రెండు టైర్లు చెరి సగం మోసినప్పుడు దొరికే పట్టు, ఒక్కటే ఎక్కువ మోస్తే దొరకదు. అందుకే డ్రైవర్‌ను దాదాపు పడుకోబెడతారు. ఇంజన్‌ను అతని వీపు వెనక, నేలకి వీలైనంత దగ్గరగా బిగిస్తారు.

కారుకున్న రెక్కలు దాన్ని నేలకి నొక్కుతాయి. వేగం రెట్టింపైతే ఆ నొక్కుడు నాలుగింతలవుతుంది. కాబట్టి నెమ్మదైన మలుపుల్లో రెక్కల సాయం తక్కువ, భారమంతా టైర్లదే.

ఈ తరగతి 2014లో ఇటలీలో మొదలైంది. అప్పటి ఇంజన్ 160 హార్స్‌పవర్ ఇచ్చేది. మన వీధుల్లో తిరిగే చిన్న కారుకి దాదాపు రెట్టింపు. ఇంకా ఎక్కువ ఇవ్వడం కష్టమేమీ కాదు, కావాలనే ఇవ్వలేదు. బలమైన ఇంజన్ ఉంటే మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని మలుపుల్లేని తిన్నని దారిలో రాబట్టుకోవచ్చు. ఇక్కడ పోయింది పోయినట్టే. పిల్లలకి ఇంతకంటే మంచి గురువు లేదని నా నమ్మకం.

పదిహేనేళ్లు నిండితే చాలు, ఈ కారు నడపొచ్చు. కాబట్టి పొదుపు అన్నిచోట్లా చేసినా రక్షణలో చేయకూడదు. డ్రైవర్ కూర్చునే తొట్టి కార్బన్ ఫైబర్‌తో చేసింది. 1981లో మెక్‌లారెన్ ఫార్ములా వన్‌కి తెచ్చిన పద్ధతి ఇది. తల చుట్టూ ఉండే హేలో కమ్మీ 2018లో అక్కడ తప్పనిసరి అయింది, ఇప్పుడు పిల్లల కార్లకీ వచ్చేసింది.

మన దేశంలో ఫార్ములా ఫోర్ పోటీలు 2023లో మొదలయ్యాయి. కార్లు ఫ్రాన్స్‌కి చెందిన మైగేల్ సంస్థవి, అందరికీ ఒకటే రకం. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తిరుపతి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. మన పిల్లలు ఒక్కసారైనా చూసి రావాలి.

అందరి కారూ ఒకటే అయితే తేడా ఎక్కడ? కొంత సెట్టింగ్‌లో. ముందు చక్రాల దగ్గర రెండు పక్కలనీ కలుపుతూ ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, యాంటీ రోల్ బార్ అంటారు. మలుపులో కారు ఒరగబోతే అది మెలి తిరిగి అడ్డుకుంటుంది. ముందు కడ్డీ గట్టిగా ఉంటే ఆ ఒరుగుడు భారంలో ఎక్కువ వాటా ముందు బయటి టైరు మీదే పడుతుంది. డ్రైవర్ పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కారును సరిచేసే చోటికి వచ్చి, "అన్నా, స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిరగట్లేదు, జారిపోతోంది" అంటాడు. మెకానిక్ ఆ కడ్డీని ఒక మెట్టు వదులు చేస్తాడు. భారంలో కొంత వెనక టైర్ల మీదికి పోతుంది. ఈసారి ముందు టైరు పట్టుకుంటుంది.