వెలగని దీపం చెప్పే కబురు

మన జిల్లా టీబీ కేంద్రాల్లో సీబీనాట్ అని పిలిచే యంత్రంలో తెమడ నమూనా పెడితే, సుమారు 2 గంటల్లో రెండు సంగతులు తేలతాయి. టీబీ క్రిమి ఉందా? ఉంటే రిఫాంపిసిన్ అనే టీబీ మందుకు లొంగుతుందా? రెండో సంగతి వెలగని దీపాన్ని బట్టి తెలుస్తుంది.

ఆ దీపాలు మాలిక్యులర్ బీకన్లు. 1996లో న్యూయార్క్‌లో సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రామర్ వీటిని లోకానికి చూపించారు. చిన్న డీఎన్‌ఏ పోగు హెయిర్ పిన్నులా వంగి ఉంటుంది. డీఎన్‌ఏ రాత అంతా ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలతోనే. వంపులోని 15 నుంచి 30 అక్షరాలు మనం వెతికే వరుసకు జోడీ. రెండు కొసల్లోని 5 నుంచి 7 అక్షరాలు తమలో తాము జతకట్టి కాడలా నిలుస్తాయి. ఒక కొసన మెరిసే రంగు, ఇంకో కొసన ఆ మెరుపును మింగేసే అణువు. జోడీ దొరికిందా, వంపు బిర్రుగా చాచుకుంటుంది, కాడ ఊడుతుంది, రంగు వెలుగుతుంది.

ఎన్ని అక్షరాలు పెట్టాలి? నాలుగే అక్షరాలతో 16 అక్షరాల వరుసలు దాదాపు 430 కోట్లు రాయొచ్చు. మనిషి జన్యురాశి పొడవు 300 కోట్ల పైచిలుకు. అంత పొడవులో ఒక వరుస అనుకోకుండా మళ్ళీ రాకుండా ఉండాలంటే లెక్కకైతే 16, 17 చాలు. ఇంకా పొడుగు పెడితే ఇంకా నికరం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. పొడుగు ప్రోబ్ (జోడీని వెతికే డీఎన్‌ఏ పోగు) ఒక అక్షరం తప్పినా మిగతావాటి పట్టుతో అతుక్కునే ఉంటుంది. ఒక్క అక్షరం తప్పినా ఒప్పుకోని పట్టింపు బీకన్‌కు కాడ వల్ల వచ్చింది: ముడుచుకుని హాయిగా ఉన్నది అచ్చమైన జోడీ వస్తే తప్ప కదలదు. కాడ మరీ గట్టిదైతే అసలు జోడీ వచ్చినా తెరుచుకోదు, వదులైతే ఊరికే వెలుగుతుంది. అందుకే పరీక్ష జరిగే వేడికన్నా 7 నుంచి 10 డిగ్రీలు పైన విడిపోయేలా జీ, సీ అక్షరాలతో కడతారు. రంగు పక్కన మాత్రం జీ రానివ్వరు, అదీ కాస్త వెలుగు తినేస్తుంది. నాకైతే ఈ చిన్న జాగ్రత్తే ముచ్చటేస్తుంది.

సీబీనాట్ యంత్రపు తొలి తరం కార్ట్రిడ్జిలో (నమూనా పోసే డబ్బీలో) టీబీ క్రిమికి చెందిన, రిఫాంపిసిన్ గురిపెట్టే ప్రొటీన్‌ను రాసే ఆర్‌పీఓబీ జన్యువులోని 81 అక్షరాల మీద 5 రంగుల్లో 5 బీకన్లు కాపు కాస్తాయి. అయిదూ మందుకు లొంగే క్రిమి వరుసకే జోడీలు. అన్నీ వెలిగితే మందు పనిచేస్తుంది. జన్యువును మూడేసి అక్షరాల గుంపులుగా లెక్కిస్తారు, ఒక్కో గుంపు ఒక అమైనో ఆమ్లానికి గుర్తు. 531వ గుంపులో టీసీజీ కాస్తా టీటీజీ అయిందంటే, అక్కడి బీకన్ తెరుచుకోదు, మందూ పట్టు తప్పుతుంది.

చిక్కు 514వ గుంపు దగ్గరుంది. టీటీసీ, టీటీటీ రెండూ ఒకే అమైనో ఆమ్లాన్ని తెస్తాయి. మార్పు వల్ల ప్రొటీన్‌కు ఏమీ కాదు, మందు పనిచేస్తూనే ఉంటుంది. బీకన్‌కు అదేం తెలుసు? అది వెలగదు, యంత్రం మందుకు లొంగదని రాసేస్తుంది. అనుమానమొస్తే ఆ 81 అక్షరాలనూ సీక్వెన్సింగ్ చేసి చదువుకోవాల్సిందే.