ప్రొస్టేట్ క్యాన్సర్: జీన్ టెస్టు ఆయుష్షు చెబుతుందా? అపోహలు - వాస్తవాలు

నేను నల్లగొండలో పాథాలజిస్టుని, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసి జబ్బు తేల్చేవాణ్ణి. మా దగ్గరికి ముక్క వస్తుంది గానీ మనిషి రాడు. అయినా వారానికి ఒకరిద్దరు రిపోర్టు కవరు చంకలో పెట్టుకుని ల్యాబు మెట్లెక్కుతారు. మొన్న మే నెలలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన అబ్బాయి కూర్చోకముందే మొదలుపెట్టాడు: "సార్, రెండెకరాలు బేరం పెట్టిన. జీన్ టెస్టు అమెరికాకు పంపితే నాయిన ఎన్నేండ్లుంటడో తెలుస్తదంట గద?"

ఎవరు చెప్పారయ్యా అంటే ఫోన్ తీసి వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూపించాడు.

అపోహ: జీన్ టెస్టు ఆయుష్షు చెబుతుంది.

చెప్పదు. ఆ వీడియోలో చెప్పిన టెస్టుల్లో డెసిఫర్ 22 జీన్లను, ఆంకోటైప్ 17 జీన్లను, ప్రోలారిస్ 46 జీన్లను చూస్తాయి. బయాప్సీలో (సూదితో) తీసిన ముక్కలో ఆ జీన్లు ఎంత చురుగ్గా ఉన్నాయో కొలిచి ఒక స్కోరు ఇస్తాయి. డెసిఫర్‌లో అది 0 నుంచి 1 మధ్య ఉంటుంది, 0.6 దాటితే హై రిస్క్. అంటే అలాంటి స్కోరున్న నూరు మందిలో జబ్బు ఒళ్ళంతా పాకే అవకాశం ఎక్కువమందికి ఉంటుందని. ఆ నూరు మందిలో మీ నాయన ఎటువైపో, ఇంకెన్నాళ్ళుంటాడో అందులో రాసి ఉండదు.

ఇంకో సంగతి వీడియోలో లేనేలేదు. ఈ టెస్టులు ముఖ్యంగా జబ్బు ఇంకా ప్రొస్టేట్ గ్రంథి (మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండేది) దాటనివాళ్ళ కోసం. ఆపరేషన్ చేయాలా, ఊరికే కనిపెట్టుకుని ఉంటే సరిపోతుందా, ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ కూడా ఇవ్వాలా అన్న సందేహం దగ్గర అవి పనికొస్తాయి. ఆ అబ్బాయి కవరు విప్పితే గ్లీసన్ (ముక్కలో క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ దూకుడెక్కువ) 4+5, పీఎస్‌ఏ 180 (అది ప్రొస్టేట్ గురించి చేసే రక్తపరీక్ష), స్కానులో వెన్నుపూసల దాకా మచ్చలు. జబ్బు ఎలా నడుస్తుందన్నది ఆ మూడు కాగితాల్లోనే ఉంది. స్కోరు ఎంత వచ్చినా హార్మోన్ వైద్యం తప్పదు. రెండెకరాలు అమ్మి తెలుసుకునేదేముంది?

అందుకే పొలమో బంగారమో అమ్మే ముందు మీ డాక్టర్ని ఒక్క మాట అడగండి: "సార్, రిజల్ట్ ఎటొచ్చినా మందు మారుతుందా?" మారదంటే డబ్బు దాచుకోండి. గ్లీసన్ 3+3 వచ్చి, పీఎస్‌ఏ తక్కువగా ఉన్నవాళ్ళయితే ఇంకా నిదానంగా ఆలోచించుకోవచ్చు. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సరున్న 1,643 మందిని 15 ఏళ్ళు గమనించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ చేయించుకున్నా, రేడియేషన్ తీసుకున్నా, మొదట కనిపెట్టుకుని మాత్రమే ఉన్నా ఈ క్యాన్సర్‌తో పోయింది నూటికి ముగ్గురే.

అతని తండ్రికి పనికొచ్చే జీన్ టెస్టు వేరే ఉంది, బీఆర్‌సీఏ అనే జీన్లలో తేడా ఉందేమో చూసేది. అది ఆడవాళ్ళ రొమ్ము క్యాన్సర్‌కే అనుకుంటారు, మగవాళ్ళకూ వర్తిస్తుంది. అందులో తేడా ఉంటే, హార్మోన్ మందులు పనిచేయడం మానేశాక ఓలాపారిబ్ లాంటి మందు వాడే వీలుంటుంది. ఆ తేడా వంశంలో వచ్చిందైతే కొడుకులూ కూతుళ్ళూ కూడా పరీక్ష చేయించుకోవాలి. "మా అక్కకు గూడనా సార్?" అన్నాడు. అక్కకు కూడా.

అపోహ: పీఎస్‌ఏ పెరిగింది, ఎముక తెల్లబడింది, ఇంకేముంది, నాలుగో స్టేజే.

మర్రిగూడ వైపు పెద్దాయన ఒకరిని ఇలాగే ఒక చోట నాలుగో స్టేజి అని పంపించేశారు. ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదట. పీఎస్‌ఏ 9. ఎక్స్‌రేలో నడుము ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కొడుకు ఆయన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. పలకరిస్తే మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పి చూశాడు. పళ్ళ మీద గోధుమ రంగు చారలు. మన జిల్లాలో పుట్టినవాళ్ళకు ఆ పళ్ళ గురించి చెప్పాలా? ఫ్లోరైడు నీళ్ళతో కూడా ఎముక అలాగే గట్టిపడి తెల్లగా కనిపిస్తుంది, రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక జబ్బుల్లో పెరిగే ఎంజైము) కూడా పెరుగుతుంది. ఆయన ముక్కలు పన్నెండూ చూశాను. గ్రంథి వాపు తప్ప క్యాన్సర్ లేదు.

యూరిన్ ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రానికి పైపు వేసినా పీఎస్‌ఏ పెరుగుతుంది. ప్రొస్టేట్ వాపుకిచ్చే ఫినాస్టరైడ్, డ్యుటాస్టరైడ్ మాత్రలు ఆరు నెలలకు మించి వాడితే దాదాపు సగానికి పడిపోతుంది. ఏ మాత్రలు వేసుకుంటున్నారో చెప్పకుండా నంబరు మాత్రం చదవమంటే ఎలా?

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది.

ఈ పుకారు పుట్టించినవాళ్ళు దొరికితే బాగుండు. ప్రొస్టేట్ బయాప్సీలో అలా జరగడం చాలా చాలా అరుదు. సూదికి భయపడి ఏడాది ఆగి, నడుము నొప్పితో మంచం పట్టాక వచ్చేవాళ్ళను మాత్రం తరచూ చూస్తున్నాను.

దేవరకొండ అబ్బాయి మళ్ళీ పొలం మాట ఎత్తలేదు. వంశంలో వచ్చిన బీఆర్‌సీఏ తేడా రక్తంలో తెలుస్తుంది, గడ్డలోనే పుట్టిందైతే ముఖ్యంగా ముక్కలో చూడాలి. అందుకని వాళ్ళ నాయన బ్లాక్ తీసిచ్చాను. అగ్గిపెట్టెలో సగమంత ప్లాస్టిక్ డబ్బీ, దాన్నిండా తెల్ల మైనం, అందులో సేమియా పోగుల్లాంటి మూడు ముక్కలు. "ఇంతేనా సార్?" అని అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద కారు ఎండలో ఉంది. బ్లాక్‌ను డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దని, మైనం కరుగుతుందని రెండుసార్లు చెప్పాను. రుమాల్లో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, పైన చెయ్యి ఆనించుకుని మెట్లు దిగాడు.