పూల్ పైపు లీకైందా? నీళ్లన్నీ తోడెయ్యకండి

మోటారు రూములో పైపు లీకైందని మాకు కబురొచ్చేసరికి చాలా అపార్ట్‌మెంట్లలో అప్పటికే సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి తోడే మోటారు) దింపి స్విమ్మింగ్ పూల్ సగం తోడేసి ఉంటారు. "నీళ్లుంటే పైపు కొయ్యలేం కదండీ" అంటారు. ఈ ఒక్క అపోహకి పోయినంత డబ్బు మిగతావన్నీ కలిపినా పోదు.

అపోహ: లీకైన పైపు కోసి మార్చాలంటే పూల్ ఖాళీ చెయ్యాల్సిందే.

వాస్తవం: ఆ పైపు పూల్‌లో ఎక్కడ తెరుచుకుంటుందో అక్కడ మూస్తే చాలు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న పూల్‌లో 70 వేల లీటర్లుంటాయి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 14. నీళ్ల ఖర్చు అలా ఉంచండి, అసలు ప్రమాదం అడుగునుంది. అక్టోబరు, నవంబరు వానలకి మన విశాఖ బీచ్ వైపు ఇసుక నేలల్లో భూగర్భజలం పైకొస్తుంది. పూల్ అడుగు కంటే అది మీటరు ఎత్తులో ఉంటే స్లాబును చదరపు మీటరుకి టన్ను చొప్పున పైకి తోస్తుంది. ఆరంగుళాల కాంక్రీటు స్లాబు బరువు చదరపు మీటరుకి 400 కిలోలు కూడా ఉండదు. దాన్ని తొక్కిపట్టి ఉంచేది లోపలి నీళ్లే. అవి తోడేస్తే టైల్స్ ఉబ్బుతాయి, స్లాబు పగులుతుంది, ఫైబర్ పూలయితే ఏకంగా పైకి లేస్తుంది. ఎండాడ కొండవాలులో ఉన్న వాళ్లకీ ఈ భయం లేకపోలేదు, పైనుంచి దిగే ఊట గోడ వెనక చేరుతుంది.

పైపు నోళ్లు ఎలా మూయాలంటే, ముందు మోటారు ఎంసీబీ (కరెంటు స్విచ్) దించి, ఎవరూ ఎత్తకుండా చూడండి. మోటారు తిరుగుతుండగా సక్షన్ (పూల్ నీళ్లు మోటారులోకి లాగే నోరు) దగ్గర చెయ్యి పెట్టకూడదు. రిటర్న్ ఇన్‌లెట్లకి (నీళ్లు పూల్‌లోకి తిరిగొచ్చే నోళ్లు) ఐబాల్, అంటే నోటికుండే గుండ్రటి మూతి, విప్పి రబ్బరు ఎక్స్‌పాన్షన్ ప్లగ్ (బిగిస్తే ఉబ్బి రంధ్రం మూసే బిరడా) పెట్టి రెక్కల నట్టు బిగించాలి. 63 ఎంఎం అనేది పైపు బయటి కొలత. 6 కేజీ, 10 కేజీ ఒత్తిడి తట్టుకునే పైపులకి లోపలి కొలత వేరు, అది చూసుకునే ప్లగ్ కొనండి. స్కిమ్మర్‌కి (నీటి పైమట్టంలో చెత్త లాగే గోడ నోరు) లోపలి రంధ్రంలోనే ప్లగ్ పెట్టొచ్చు. పూల్ అడుగున మెయిన్ డ్రెయిన్లు సాధారణంగా రెండుంటాయి, రెండూ ఒకే లైనులో కలుస్తాయి కాబట్టి రెండూ మూయాలి. మీటరున్నర లోతులో రెండంగుళాల ప్లగ్ మీద పడే బరువు 3 కిలోలే, కానీ అది పైపు లోపలికే తోస్తుంది. అందుకే ప్లగ్‌కి తాడు కట్టి దింపాలి. పనయ్యాక జాలీ బిగించేదాకా పూల్‌లోకి ఎవరినీ దింపొద్దు.

కోసే ముందు స్ట్రెయినర్ (మోటారు ముందుండే చెత్త బుట్ట) డ్రెయిన్ తిప్పి చూడండి. రెండంగుళాల పైపు మీటరుకి రెండు లీటర్లు పడుతుంది. 15 మీటర్ల లైనైతే 30 లీటర్ల దాకా రావచ్చు. ఆ తర్వాతా బకెట్టు నిండుతూనే ఉంటే ఎక్కడో ఒక నోరు తెరిచే ఉంది. మరిచిపోయేది ఎక్కువగా వ్యాక్యూమ్ పాయింటే (పూల్ అడుగు ఊడ్చే గొట్టం తగిలించే నోరు).

అపోహ: బాల్ వాల్వ్ కట్టేస్తే సరిపోతుంది. వాస్తవం: వాల్వ్‌కీ పూల్‌కీ మధ్య లీకైతే వాల్వ్ ఏం చెయ్యలేదు. పాత వాల్వ్ సన్నగా కారినా పైపు అతికించే సాల్వెంట్ సిమెంట్ పట్టదు.

అపోహ: గుడ్డ కుక్కితే చాలు. వాస్తవం: అది జారి భూమిలోని ఎల్బోలో (పైపు మలుపులో) ఇరుక్కుంటే ఫ్లోరింగ్ తవ్వాలి.

అపోహ: మల్టీపోర్ట్ (ఫిల్టర్ మీదుండే వాల్వ్) క్లోజ్డ్‌లో పెడితే అన్నీ ఆగుతాయి. వాస్తవం: సక్షన్ లైను ఆగదు.

రాత్రిపూట లీకు చూసి కంగారు పడే వాళ్లకి ఒక మాట. మోటారు ఆపేస్తే పైపులో మిగిలేది పూల్ లోతు ఒత్తిడి మాత్రమే. సైకిల్ ట్యూబు పట్టీ లాగి గట్టిగా చుట్టండి, తెల్లారేదాకా ఆగుతుంది.

జాయింటు అతికాక మన తేమ గాలికి 24 గంటలు వదలండి. టెస్టు నీళ్లతోనే చెయ్యాలి, కంప్రెసర్ గాలితో వద్దు. 1.5 బార్ ఒత్తిడి దగ్గర ప్లగ్ మీద 30 కిలోలు పడుతుంది, ఊడితే గుండులా వస్తుంది. దాని ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ఎన్ని ప్లగ్‌లు పెట్టారో మోటారు రూము గోడమీద రాసి, అన్నీ బయటికొచ్చాకే ఎంసీబీ ఎత్తండి. సక్షన్‌లో ప్లగ్ ఉండిపోతే మోటారు పొడిగా తిరిగి దాని మెకానికల్ సీల్ (నీళ్లు కారకుండా ఆపే భాగం) కాలిపోతుంది.