నల్లటి రికార్డు చుట్టూ తిరిగే అపోహలు

రికార్డు ప్లేయర్లు బాగుచేయడం నా పని. అరిగిన సూది మార్చడం, సాగిన బెల్టు తీసి కొత్తది వేయడం, బిగుసుకుపోయిన ఆర్ముకు (సూదిని మోసే కడ్డీకి) కదలిక తేవడం, రోజంతా ఇదే. యంత్రంతో పాటు దాని గురించిన నమ్మకాలను కూడా వెంటబెట్టుకొస్తారు జనం. రెండింటిలో యంత్రాన్ని బాగుచేయడమే సులువు.

అపోహ: రికార్డులో ధ్వని అఖండంగా ఉంటుంది. డిజిటల్‌లో ముక్కలు చేసి అతికిస్తారు.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇదే. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. ఆ అంకెలను బొమ్మగా గీసినప్పుడు మెట్లలా చూపిస్తారు కాబట్టి నడుమ ఏదో జారిపోయిందనిపిస్తుంది. ప్లేయర్‌లోంచి బయటికొచ్చేది మాత్రం మెట్లు లేని నునుపైన తరంగమే. పైగా అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య ఎడం సీడీలో సుమారు 96 డెసిబెల్స్ ఉంటే, ఎల్పీలో, అంటే ఎక్కువసేపు ఆడే పెద్ద రికార్డులో, 70 దగ్గరికి చేరడమే గొప్ప. కొలతల పందెంలో రికార్డు ఓడిపోతుంది. ఈ వృత్తిలో ఉండి ఆ మాట అంటారేమిటని నొచ్చుకునేవారూ ఉన్నారు.

మరి చెవికి అంత హాయిగా ఎందుకుంటుంది? రికార్డు మీద పాటను చెక్కిన గీత లాంటి గాడికి ఓపిక తక్కువ. మంద్ర స్వరాలను ఉన్నవున్నట్టు చెక్కితే గాడి మరీ వెడల్పుగా ఊగి పక్క గాడిని కోసేస్తుంది. సన్నని పై స్వరాలను అలాగే వదిలేస్తే రికార్డుకు సహజంగా ఉండే బుసలో మునిగిపోతాయి. అందుకే చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, పై స్వరాలను పెంచుతారు. వాయించేటప్పుడు ఫోనో ప్రీయాంప్లిఫయర్ ఆ లెక్కను తిరగేస్తుంది. తొలినాళ్లలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1950ల నడుమ నుంచి అందరిదీ ఒకటే అయింది. ఈ పరికరం లేకుండానే ప్లేయర్‌ను నేరుగా స్పీకర్లకు కలిపి, పాట దోమ రొదలా వస్తోందని నా దగ్గరికి వచ్చేవారికి కొదవ లేదు.

అలాగే ‘స’, ‘ష’ అక్షరాలు మరీ పదునుగా ఉంటే సూది వాటి వెంట పోలేక ఉమ్మినట్టు వినిపిస్తుంది. కాబట్టి రికార్డు కోసం ధ్వనిని సిద్ధం చేసేవారు ఆచితూచి చేయక తప్పదు. సీడీకి అలాంటి ముక్కుతాడు లేదు. 1990ల నుంచి ఎన్నో సీడీలను మొదటి నుంచి చివరిదాకా ఒకే హోరుగా నొక్కిపెట్టి తయారుచేశారు. మీకు వినిపించే తేడా చాలాసార్లు ఆ సిద్ధం చేసిన చేతుల్లోనే ఉంటుంది. ఇప్పుడు వచ్చే కొత్త ఎల్పీల్లో చాలావాటికి మూలం కూడా డిజిటల్ ఫైలే.

అపోహ: సూది ఎంత తేలికగా ఆనితే రికార్డుకు అంత మేలు.

వాస్తవం: స్టీరియో గాడికి రెండు గోడలు. ఎడమ చానెల్ ఒక గోడలో, కుడి చానెల్ ఇంకో గోడలో ఉంటాయి. సూది అడుగును తాకకుండా రెండు గోడలనూ ఒరుసుకుంటూ నడుస్తుంది. బరువు చాలకపోతే, శబ్దం పెరిగిన చోట గోడను వదిలేసి మళ్లీ వచ్చి కొడుతుంది. కొట్టేది వజ్రం, దెబ్బ తినేది ప్లాస్టిక్కు. ఎక్కువ కార్ట్రిడ్జ్‌లకు (ఆర్ము చివర సూదిని పట్టి ఉంచే చిన్న పెట్టెలకు) తయారీదారు చెప్పే బరువు 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఉంటుంది. చెప్పిన పరిధిలో కాస్త పై అంచుకు దగ్గరగా పెట్టడం నా అలవాటు.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగిన నమ్మకం నాణెం. ఒకాయన తెచ్చిన ప్లేయర్‌లో కార్ట్రిడ్జ్ నెత్తిన నాణెం, ఊడకుండా దానిపై టేపు. “సూది దూకుతోందండీ, నాణెం పెడితే ఆగింది” అన్నారు. తూకం వేస్తే ఆరు గ్రాములు దాటింది. భూతద్దం కింద చూస్తే గుండ్రంగా ఉండాల్సిన కొన రెండు పక్కలా అరిగి ఉలి మొనలా తేలింది. వజ్రమూ అరుగుతుంది మరి. మామూలు వాడకంలోనే 500 నుంచి 1,000 గంటలకు మార్చేయాలి. అసలు దోషం ఆర్ము కీలులో ఎండిపోయిన జిడ్డు. అది తుడిచాక నాణెం అవసరం లేకుండానే రికార్డు చివరిదాకా ఆడింది. ఎన్ని నెలలుగా ఇలా వాయిస్తున్నారని అడిగాను. “నెలలు కాదండీ, ఆరేళ్లు” అన్నారు. ఆ రికార్డుల సంగతి ఇక నేను ఎత్తలేదు.

అపోహ: 180 గ్రాముల బరువైన రికార్డు మెరుగ్గా పలుకుతుంది.

వాస్తవం: గాడి లోతు మామూలు రికార్డులోనూ, దీనిలోనూ ఒకటే. చేతికి నిండుగా ఉంటుంది, అంతే.

అపోహ: చివరి పాట గరగరమంటే రికార్డు పాడైనట్టే.

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ఆ వేగంతో సూది కిందుగా సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి సాగిపోతుంది. నడిమి లేబులుకు దగ్గరయ్యేసరికి అది 21కి పడిపోతుంది. అంటే ఒక సెకను పాటను సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలి. మెలికలు అంత ఇరుకైనప్పుడు గుండ్రటి సూది తడబడుతుంది. కాబట్టి ముందు కార్ట్రిడ్జ్ బిగింపు కోణం సరిచూసుకోండి. అది సరిగానే ఉంటే సన్నని దీర్ఘవృత్తాకారపు కొన ఉన్న సూది వేసి చూడండి. రికార్డును తిట్టడం ఆ తర్వాత.

అపోహ: గీత కనిపిస్తే పనికిరాదు. చిటపటలు వస్తే స్పిరిట్‌తో తుడిస్తే చాలు.

వాస్తవం: కంటికి కనిపించే వెంట్రుక గీతల్లో చాలావాటిని చెవి పట్టించుకోదు. గడియారం చూసి ‘టిక్’ శబ్దాలను లెక్కపెట్టండి. 1.8 సెకన్లకు ఒకసారి తప్పకుండా వస్తుంటే అది గీత, ఎందుకంటే ఎల్పీ ఒక చుట్టుకు పట్టే కాలం అదే. తోచినప్పుడల్లా వస్తుంటే దుమ్ము, లేదా పొడిగాలిలో పుట్టిన స్థిరవిద్యుత్తు. అవి పోయేవే. స్పిరిట్ జోలికి మాత్రం వెళ్లేముందు చేతిలో ఉన్నదేమిటో చూసుకోండి. 78 వేగంతో తిరిగే పాత రికార్డుల్లో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. మెరుపు తెద్దామని తుడిస్తే పాటే గుడ్డకు అంటుకొస్తుంది.

అపోహ: ఇదంతా పాతకాలపు మోజు, రెండు రోజుల ముచ్చట.

వాస్తవం: అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ రికార్డులు ఎక్కువ అమ్ముడుపోయాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. ఫోనులో కోట్ల పాటలున్న కాలంలో ఈ సంగతి కొందరికి వింతగా ఉంటుంది, నాకు లేదు. ఒక పక్క ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, లేచి తిప్పాలి. పాట నచ్చకపోతే దాటేయడానికి ఆర్మును చేత్తో ఎత్తాలి, కాబట్టి బద్ధకించి వింటాం. అలా బద్ధకించి విన్న పాటలే తర్వాత ఇష్టమైనవి నాకు చాలా ఉన్నాయి.

ఇంకో సంగతి. రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగే చోట గాడులు వెడల్పై గరుకుగా మెరుస్తాయి, మెల్లని చోట నల్లగా నున్నగా ఉంటాయి. పాట మొదలవకముందే అందులో ఎక్కడ ఏముందో కంటికి కనిపిస్తుంది. నమ్మలేనివారితో యాంప్లిఫయర్ పూర్తిగా ఆపించి, రికార్డు తిప్పి, సూది దగ్గర చెవి పెట్టమంటాను. స్పీకర్లలో ఏమీ ఉండదు. సూది మాత్రం సన్నగా, చీమంత గొంతుతో, పాటంతా పాడుతూనే ఉంటుంది.